తుమ్మితే పగిలే అక్రోటుకు ఆధారం

"దొరికిందోయ్! ఆధారం దొరికింది! నేనొచ్చేదాకా ఎవరూ గరిటె ముట్టుకోకండి!"

వీధి చివర మినీ బస్సు ఆగే చోటు నుంచి వచ్చిందా కేక. లైబ్రరీ గోడకు సున్నం వేస్తున్న పదిహేను మందీ కుంచెలు ఆపారు. జంగాక్-సాయ్ ఊళ్ళో అంత గొంతు ఒక్కడికే ఉంది. ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపి, హారన్ పాడైనప్పుడల్లా దాని పని కూడా తనే చేసిన ఎర్గెష్‌కి.

"వచ్చాడమ్మా," అంది నిచ్చెన మీదున్న రహిమా. "ఇక సున్నం దానంతటదే ఆరుతుంది, ఆయన ఊపిరికి."

ఆ రోజు అషర్. అంటే ఎవరిదైనా పని పడితే వీధి వీధంతా వచ్చి చేతులు కలిపి, పని ముగించి, కలిసి తిని పోవడం. ఈసారి పని లైబ్రరీది. పెరట్లో మొయ్‌దున్ పెద్ద బాణలిలో పలావు పెట్టాడు. మాంసం, క్యారెట్టు, వెల్లుల్లి గడ్డలు అడుగున ఉడికిపోయాయి, పైన బియ్యం మూత కింద మగ్గుతోంది. ఇంకో ఇరవై నిమిషాల దాకా ఆ మూత ఎత్తడానికి దేవుడికైనా వీల్లేదని మొయ్‌దున్ ముందే చెప్పేశాడు.

ఆ ఇరవై నిమిషాలూ ఎలా గడుస్తాయో బురుల్‌కి అప్పుడే అర్థమైపోయింది.

బురుల్ ఆ లైబ్రరీని చూసుకునే మనిషి. సున్నం చుక్కలు పడకుండా కంప్యూటర్ని వసారాలోకి తెచ్చి, పైన దుప్పటి కప్పి, మధ్య మధ్య దుప్పటి ఎత్తి తెర వంక చూస్తోంది. ఎవరైనా రాయగలిగే, ఎవరైనా దిద్దగలిగే విజ్ఞాన సర్వస్వం ఒకటి నెట్‌లో ఉంది కదా, దాని కిర్గిజ్ భాష విభాగంలో తమ ఊరి పేజీ ఆమె రాసిందే. కొండలు, వాగు, అక్రోటు అడవి, బడి, అన్నీ రాసింది. ఒక్కో మాట పక్కన చిన్న అంకె వేసి, ఆ మాట ఏ పుస్తకంలో ఏ పేజీలో ఉందో అడుగున చూపించింది. ఒక్క వాక్యానికి మాత్రం అంకె లేదు. అంకె ఉండాల్సిన చోట "ఆధారం కావాలి" అన్న గుర్తు రెండు నెలలుగా వేలాడుతోంది. అది ఎర్గెష్ రాసిన వాక్యం.

ఆయన మార్చి నాలుగో తేదీన వచ్చి, రెండు వేళ్ళతో గంటన్నర సేపు టైపు చేసి రాసిందిది: "ఈ ఊరి కనిషాయ్ అంటుకట్టిన అక్రోటు చెట్టు కాయల పెంకు ఉల్లిపొర కన్నా పలచన, పక్కన ఎవరైనా తుమ్మితే పగులుతుంది." కనిషాయ్ ఆయన భార్య. పోయి నాలుగేళ్ళయింది. చెట్టు ఇప్పటికీ ఆయన పెరట్లో ఉంది.

మూడు రోజుల తర్వాత బురుల్ చూసి తుమ్ము తీసేసింది. ఉల్లిపొర తీసేసింది. అంటుకట్టింది కనిషాయ్ అన్న ముక్క మాత్రం ఉంచి, పక్కన గుర్తు పెట్టింది.

"ఆధారం కావాలా? నేనున్నాగా! బతికున్న ఆధారాన్ని!" అన్నాడాయన.

"నువ్వు పనికిరావు బాబాయ్. నీ నోటి మాట, నీ బావమరిది నోటి మాట చెల్లదు. మనతో సంబంధం లేనివాళ్ళు ఎవరో చూసి, సరిచూసి, అచ్చు వేసి ఉండాలి. రేపు ఎవరు అడిగినా తీసి చూపించేలా ఉండాలి."

ఆ రాత్రే ఆయన మళ్ళీ మార్చాడు. అడుగున ఆధారం అని రాశాడు: "ఎర్గెష్, పద్నాలుగో నంబరు ఇల్లు. ఎప్పుడైనా రావచ్చు. టీ ఇవ్వబడును."

బురుల్ నవ్వి నవ్వి, అదీ తీసేసింది. ఇలా మొత్తం ముప్ఫై ఒక్కసారి. ఆ ముప్ఫై ఒక్క మార్పుల్లో ఎర్గెష్ తన గురించి ఒక్క ముక్కైనా రాసుకోలేదని ఆమె మధ్యలో ఎప్పుడో గమనించింది. ఊళ్ళో ఏ కథ చెప్పినా అందులో తనే రాజు, తనే మంత్రి, తనే గుర్రం. అక్కడ మాత్రం కనిషాయ్ ఒక్కతే. సమాధి రాయి మీద తప్ప ఆవిడ పేరు ఇంకెక్కడా రాసి లేదు మరి.

కానీ నియమం నియమమే. తన సొంత పిన్ని లాంటి మనిషి కనక వదిలేస్తే, రేపు పక్క ఊరివాడి గాలి కబుర్లు ఏ ముఖంతో తీసేస్తుంది? అందుకే గడువు పెట్టింది. అషర్ రోజు, పలావు మూత ఎత్తేలోగా ఆధారం రాకపోతే ఆ వాక్యాన్ని తన చేత్తోనే చెరిపేస్తానంది. అన్నప్పటి నుంచి ఆమెకే సరిగ్గా నిద్ర పట్టడం లేదు.

ఎర్గెష్ గేటు తోసుకుని వచ్చాడు. తెల్ల ఉన్ని టోపీ నెత్తిన వెనక్కి జరిగి ఉంది. ఒక చేతిలో సంచి, ఇంకో చేతిలో చుట్టిన పేపరు. దాన్ని రాజదండంలా ఎత్తి పట్టుకున్నాడు.

"మొన్న పొద్దున వెళ్ళినవాడివి. జలాలాబాద్ పట్నం ఏమైనా చంద్రుడి మీద ఉందా?" అంది రహిమా.

"కూర్చోండి. అందరూ కూర్చోండి. చెబుతాను." ఆయన తిరగేసిన సున్నం బక్కెట్టు మీద కూర్చున్నాడు. "అసలు చెప్పుకోవాల్సినంత పనేం కాదు. చిన్న పనే. పొద్దున్నే లేచాను, రెండు రొట్టెలు సంచిలో వేసుకున్నాను, మినీ బస్సెక్కాను. ఇంతవరకు ఎవరైనా చేస్తారు."

"చేస్తాం," ఒప్పుకున్నాడు మొయ్‌దున్ బాణలి దగ్గర్నుంచి.

"కనుమ ఎక్కుతుంటే బస్సు ఆగిపోయింది. ఆ డ్రైవరు నిన్నో మొన్నో స్టీరింగ్ పట్టినవాడు, ఇంజను మూత ఎత్తి దానివంక జాలిగా చూస్తున్నాడు. నేను దిగి వెనక భుజం ఆనించాను. తోయలేదు సుమా, ఊరికే ఆనించానంతే. బస్సు కనుమ ఎక్కేసింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"దిగి ఉంటుంది."

"దిగింది! నేను లేకుండా దిగింది! లోపల పద్దెనిమిది మంది, ఒక గొర్రె, బ్రేకు లేదు. వెనకాల పరిగెత్తాను. బస్సుని దాటాను. దాటి, ముందుకెళ్ళి, వెనక్కి తిరిగి, ఇదిగో ఈ అరచెయ్యి అడ్డం పెట్టాను."

అందరూ ఆ అరచెయ్యి చూశారు. దాని మీద ఇందాక గేటు తోసినప్పుడు అంటిన సున్నం తప్ప ఏమీ లేదు.

"గొర్రె ఏమంది అన్నా?" అన్నాడు మొయ్‌దున్.

"గొర్రెకి నోట మాట లేదు. సరే, అది వదిలెయ్. పత్రిక ఆఫీసుకి వెళ్ళాను. మన జిల్లా వారపత్రిక. పాత పేపర్ల గది చూపించమన్నాను. అమ్మా! నేల నుంచి పైకప్పు దాకా అరవై ఏళ్ళ పేపర్లు! వాటి మీద దుమ్ము ఎంతుందంటే, దుమ్ము మీద గడ్డి మొలిచింది, ఆ గడ్డి మీద ఎవరిదో ఆవు మేస్తోంది. నేను ఒక్కసారి ఉఫ్‌మని ఊదాను. దుమ్మంతా కిటికీలోంచి బయటపడి, మేఘమై, అండిజాన్ మీద వాన కురిసింది."

"అండిజాన్ వేరే దేశం కదయ్యా!" అంది రహిమా.

"సరిహద్దు దగ్గర ఆపారు. కాగితాలు చూసి వదిలేశారు."

గోడ దగ్గర ఎవరో నవ్వాపుకోలేక కుంచె జారవిడిచారు. బురుల్ కూడా నవ్వింది, కానీ ఆమె కళ్ళు ఆ చుట్టిన పేపరు మీదే ఉన్నాయి. ఒక్క లైను ఉండాలి, ఒక్క లైనుంటే చాలు అనుకుంటోంది.

"కూర్చుని అరవై ఏళ్ళ పేపర్లూ చదివాను. మొదటి కట్ట మొదటి పేజీ నుంచి. మధ్యాహ్నం టీ వచ్చే వేళకి ముప్ఫై ఏళ్ళు అయిపోయాయి, టీ తాగాక తక్కిన ముప్ఫై. చివరికి ఎక్కడ దొరికిందో తెలుసా? ఆఖరి కట్టలో! పైనుంచి మూడోది!"

బురుల్ కనుబొమలు కొంచెం దగ్గరికొచ్చాయి.

"చదివానమ్మా. నాలుగో పేజీ. కనిషాయ్ పేరు, చెట్టు, పెంకు, అన్నీ! నా కళ్ళలో నీళ్ళు. ఎడిటరు కళ్ళలో నీళ్ళు. ఆవు కళ్ళలో నీళ్ళు. పేపరు పట్టుకుని బయటికొచ్చానో లేదో, కొండ గాలి ఒక్క విసురు విసిరింది. పేపరు పైకి లేచింది. పైన తిరుగుతున్న వేట గద్ద దాన్ని కుందేలు అనుకుని తన్నుకుపోయింది!"

"కుందేలుకి అచ్చు ఉంటుందా?"

"గద్దకి చదువు రాదు కదా రహిమా! నేను సందులో గుర్రం పాలు అమ్ముకునేవాడి గుర్రం అడిగి ఎక్కాను. అది ఎంత వేగంగా పోయిందంటే, దాని నీడ వెనకబడిపోయింది. నిజం. మేం కొండ మీదికి చేరి, ఊపిరి పీల్చుకుని, రొట్టె తిని కూర్చుంటే, అప్పుడొచ్చింది నీడ, రొప్పుకుంటూ. పేపరు ఎక్కడుందో తెలుసా? గద్ద దాన్ని రాళ్ళలో పడేసింది. తోడేలు చేతిలో పడింది."

"చేతిలోనా?"

"కాలిలో. అది వెనక కాళ్ళ మీద కూర్చుని, నన్ను చూసి, 'ఏమయ్యా, ఇది నీదా?' అంది. నాదే అన్నాను. 'ఏ పత్రిక? తేదీ ఎంత? పేజీ ఎంత? రాసినవాళ్ళు ఎవరు?' అంది."

"అది బురుల్ దగ్గర చదువుకున్న తోడేలులా ఉందే!" అన్నాడు మొయ్‌దున్. వసారా అంతా గొల్లుమంది. బురుల్ సున్నం చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"నేనూ అదే అనుకున్నాను! అన్నీ చూపించాను. పేజీ చూసింది, తేదీ చూసింది, ఒకటికి రెండుసార్లు చదివింది. చదివి, తల వంచి, పిల్లల్ని పిలిచి, 'చూడండర్రా, ఆధారం అంటే ఇలా ఉండాలి' అంది. అప్పుడే నా ఫోను మోగింది. కొండ మీద సిగ్నలు కదా. ఎవరనుకున్నారు? సర్వస్వం పెద్దలు! జర్మన్ భాష వాళ్ళు, అరబ్బీ వాళ్ళు, జపాను వాళ్ళు, మూడు వందల భాషల వాళ్ళూ ఒకే లైన్లో! 'ఎర్గెష్ గారూ, కనిషాయ్ గారి చెట్టు గురించి మా భాషలో కూడా పెట్టుకుంటాం, అనుమతి ఇవ్వండి' అని బతిమాలుతున్నారు. పెట్టుకోండి పాపం అన్నాను. ఆ జపానాయన మాత్రం, 'పెంకు నిజంగా తుమ్ముకే పగులుతుందా' అన్నాడు. కొండ గాలి కదా, నాకప్పుడే ముక్కు దురద. ఫోన్లోనే తుమ్మాను. అంతే! టోక్యోలో అంగళ్ళలో ఉన్న అక్రోట్లన్నీ ఫటఫటమని పగిలాయి! ఊరు ఊరంతా నేల మీద వంగి ఏరుకుని తిన్నారు, మూడు రోజులు సెలవిచ్చారు..."

"బాబాయ్," అంది బురుల్. "ఆ పేపరు ఇలా ఇవ్వు."

ఎర్గెష్ లేచి, రెండు చేతులతో ఇచ్చాడు. బురుల్ చేతులు తుడుచుకుని, నాలుగో పేజీ విప్పింది. రహిమా నిచ్చెన రెండు మెట్లు దిగింది. మొయ్‌దున్ గరిటె పట్టుకుని వచ్చాడు.

బురుల్ చదివింది. మళ్ళీ చదివింది. దుప్పటి ఎత్తి, తెర మీద పేజీ మార్పుల చరిత్ర తెరిచి, కిందికి కిందికి పోయింది. ఏ రోజు ఏ నిమిషాన ఎవరు ఏం మార్చారో అంతా అందులో ఉంటుంది. ఆమె మొహంలో నవ్వు మెల్లగా పోయింది.

"ఏప్రిల్ పంతొమ్మిది నాటి పేపరు ఇది. అంటే పోయిన నెల."

"తాజా వార్త!" అన్నాడు ఎర్గెష్.

"'పక్కన ఎవరైనా తుమ్మితే పగులుతుంది' అని ఉంది ఇందులో."

"ఉందా లేదా! నేను చెబితే నమ్మలేదు!"

"బాబాయ్, ఈ తుమ్ము లోకంలో ఒక్క చోటే ఉండేది. మన పేజీలో. మార్చి నాలుగున నువ్వు పెట్టావు, ఏడున నేను తీసేశాను. ఆ మూడు రోజుల్లో వీళ్ళెవరో చూసి దించుకున్నారు. చివర సన్న అక్షరాల్లో వాళ్ళే రాశారు చూడు, నెట్‌లోని సర్వస్వం నుంచి అని." ఆమె గొంతు మెత్తబడింది. "కనుమ ఎక్కి, గుర్రమెక్కి, తోడేలుని ఒప్పించి నువ్వు తెచ్చింది నీ మాటే బాబాయ్. నువ్వు ఇక్కడ కూర్చుని రెండు వేళ్ళతో కొట్టిందే."

రహిమా పక్కన ఎవరో కిసుక్కుమన్నారు, ఇంకొకరు అందుకున్నారు, వసారా అంతా పొట్టలు పట్టుకుంది. "తోడేలు సన్న అక్షరాలు చదవలేదు!" అన్నాడు మొయ్‌దున్. "దానికి కళ్ళజోడు కొనిపెట్టన్నా!"

ఎర్గెష్ కూడా నవ్వబోయాడు. నవ్వు రాలేదు. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. అది చూసి నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

"అయితే తీసేస్తావా?" అన్నాడు.

మౌసు మీద బురుల్ చెయ్యి కదలడం లేదు.

"తీసెయ్ అమ్మా. నియమం కదా." ఆయన సంచి తీసుకుని లేవబోయాడు. "ఇదే చెల్లకపోతే, ఆ రెండోది అసలే పనికిరాదు."

"ఏ రెండోది?"

"ఏం లేదులే. పత్రికాఫీసు పక్కనే అడవి పరిశోధన ఆఫీసు. టీ కోసం ఆగాను. అక్కడ ఒకావిడ మాటల్లో పెట్టి, ఎవరి చెట్టు, ఏ ఊరు అని అడిగి, బీరువాలోంచి ఒక పాత పుస్తకం తీసింది. ఒక పేజీకి నకలు తీసి, పుస్తకం పేరున్న అట్టకి కూడా నకలు తీసి ఇచ్చింది. పది నిమిషాలు. తోడేలు లేదు, గద్ద లేదు. ఏముంటుంది చెప్పడానికి?"

"బాబాయ్, అది ఎక్కడ?"

ఆయన సంచిలో చెయ్యి పెట్టి, రొట్టెల కింద నుంచి నాలుగు మడతల కాగితం తీశాడు. ఇవ్వడానికి కొంచెం వెనకాడాడు. "నవ్వకండి. చాలా పిసినారి పుస్తకం. ఒక్క లైనే రాశారు. మీ పిన్నికి ఒక్క లైనేనా అని... చూపించడానికి మనసు రాలేదు నాకు."

బురుల్ మడతలు విప్పి చదివింది. ఈసారి పైకే చదివింది.

"వెయ్యి తొమ్మిది వందల ఎనభై నాలుగు. అక్రోటు రకాల పరిశీలన. నలభై ఏడో పేజీ. పదిహేడో చెట్టు. ఊరు, జంగాక్-సాయ్. అంటుకట్టినది, కనిషాయ్ మొల్దొబాయెవా. పెంకు మందం, సున్నా పాయింటు తొమ్మిది మిల్లీమీటర్లు. రెండు వేళ్ళతో నొక్కితే పగులుతుంది."

"చూశావా?" అన్నాడు ఎర్గెష్ కష్టంగా. "మిల్లీమీటర్లట. ఆవిడ కత్తి ఎలా పట్టుకునేదో, తడిగుడ్డ ఎలా చుట్టేదో, మంచు కురుస్తుంటే ఆ కొమ్మకి నా కోటు తీసుకెళ్ళి ఎలా కప్పిందో, ఒక్క ముక్క లేదు."

"బాబాయ్, ఇది రాసినవాడికి నువ్వెవరో తెలీదు. పిన్ని ఎవరో తెలీదు. నువ్వు టీ ఇవ్వలేదు, కథ చెప్పలేదు. వచ్చాడు, కాయ కోశాడు, పెంకు కొలిచాడు, ఎవరు అంటుకట్టారని అడిగి పేరు రాసుకున్నాడు, వెళ్ళిపోయాడు." బురుల్ కళ్ళు మెరుస్తున్నాయి. "నాకు కావల్సింది ఇదే. ఈ ఒక్క లైనే. దీన్ని ఇక ఎవరూ తీయలేరు. నేను కూడా."

ఎర్గెష్ ఆమె వంక చూశాడు, కాగితం వంక చూశాడు. "నువ్వు కూడానా?"

"నేను కూడా."

"అన్నా, మూత ఎత్తే టైమయింది," అన్నాడు మొయ్‌దున్ పెరటి వైపు అడుగులేస్తూ. "బియ్యం ఎవరి కోసమూ ఆగదు."

"ఈ బియ్యం ఆగుతుంది!" అని గద్దించింది రహిమా, నిచ్చెన దిగేసి వచ్చి బురుల్ భుజం మీంచి తొంగి చూస్తూ. "కొట్టమ్మా, నువ్వు కొట్టు."

బురుల్ కొట్టింది. పుస్తకం పేరు, ఏడాది, పేజీ. "ఆధారం కావాలి" అన్న గుర్తు చెరిపింది. భద్రపరచమని నొక్కింది. నెట్ కాసేపు ఆలోచించింది. పదిహేను మందీ ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. తెర ఒకసారి తెల్లబడి, మళ్ళీ తెరుచుకుంది. కనిషాయ్ పేరున్న వాక్యం చివర, కొంచెం పైకి, చీమంత అంకె ఒకటి నిలబడి ఉంది.

ఎర్గెష్ ముక్కు దాదాపు తెరకి ఆనేలా వంగాడు. పెదవులు కదుపుతూ చదువుకున్నాడు. చదవడం అయ్యాక కూడా వంగే ఉన్నాడు.

"ఇక తుమ్మకు," అంది రహిమా. "కంప్యూటరు పగులుతుంది."

ఆయన నవ్వాడు. పెద్దగా, వీధి చివరి దాకా వినపడేలా. టోపీ మళ్ళీ నెత్తిన పెట్టుకున్నాడు.

అప్పటికి మొయ్‌దున్ మూత ఎత్తేశాడు. ఆవిరి లేచి కొత్త సున్నం వాసనని తరిమేసింది. వసారాలో దుప్పటి పరిచారు. పెద్ద పళ్ళెం మధ్యలో పెట్టారు, రొట్టెలు విరిచారు, పచ్చ టీ గిన్నెలు చేతులు మారాయి. ఎర్గెష్‌ని పైన, పెద్దవాళ్ళ చోట, కూర్చోబెట్టారు. ఆయన కూర్చోగానే బొటనవేలు, చూపుడువేలు ఎత్తి, మధ్య బెత్తెడు సందు ఉంచాడు.

"సున్నా పాయింటు తొమ్మిది అంటే ఎంతో తెలుసా మీకు? ఇంత!"

"ఇంకా దగ్గరికి," అంది బురుల్.

కొంచెం దగ్గరికి తెచ్చాడు.

"ఇంకా," అన్నారు అందరూ.

వేళ్ళు అంటీ అంటనట్టు అయ్యేదాకా తెచ్చి, ఆ సందులోంచి వెలుతురు కేసి చూశాడు. "అబ్బ," అన్నాడు నెమ్మదిగా, "ఎంత పలచగా కట్టిందో!"

"ఆ వేళ్ళతోనే ముద్ద తీసుకోన్నా," అన్నాడు మొయ్‌దున్, వెల్లుల్లి గడ్డ ఒకటి ఆయన వైపు తోస్తూ. "చల్లారిపోతోంది."

అందరూ పళ్ళెం దగ్గరికి జరిగారు.